ఎనామిల్ మళ్లీ గట్టిపడాలంటే: పేస్టు, చూయింగ్ గమ్ వాడాల్సిన పద్ధతి

ముందు పళ్లు చూసుకోండి. బ్రష్ చేసుకున్నాక పగటి వెలుతురు పడే కిటికీ దగ్గర అద్దం పట్టుకుని, పెదవి పైకెత్తి, పైపళ్లను శుభ్రమైన దూదితో తుడిచి అర నిమిషం ఆరనివ్వండి. తడిగా ఉన్నప్పుడు కనపడనిది ఆరాక బయటపడుతుంది. చిగురు అంచు వెంబడి సుద్దలా తెల్లగా, మెరుపు లేకుండా చార కనిపిస్తే అక్కడ పంటి పైనుండే గట్టి పూత, అంటే ఎనామిల్‌లోంచి ఖనిజం పోతోందన్నమాట. క్లిప్పులు వేయించుకున్న పిల్లల్లో ఈ మచ్చలు క్లిప్పుల చుట్టూ వస్తాయి. పన్ను వచ్చినప్పటి నుంచీ ఉండి, కుడి ఎడమ పళ్ల మీద ఒకేలా, అడ్డగీతల్లా కనిపించే తెలుపు వేరు. అది చాలావరకు చిన్నప్పుడు ఒంట్లోకి ఎక్కువ ఫ్లోరైడ్ వెళ్లడం వల్ల వచ్చేది. దానికి ఇక్కడ చెప్పేది మందు కాదు.

తెల్లచార కనిపించింది కదా అని పిన్నీసుతోనో గోరుతోనో గీకకండి. ఖనిజం ముందుగా పోయేది పైపొర కింద నుంచి. పైపొర పలచగానైనా నిలిచి ఉంటుంది, ఆ పొర నిలిచి ఉన్నంతవరకే లోపల మళ్లీ నింపడం సాధ్యం. పొర విరిగి గుంట పడితే ఏ పేస్టూ, ఏ గమ్మూ ఆ గుంటను పూడ్చలేవు. అప్పుడు ఫిల్లింగ్ ఒక్కటే దారి. పేస్టు ప్రకటనల్లో 'ఎనామిల్ తిరిగి వస్తుంది' అన్నప్పుడు ఈ హద్దు గుర్తుంచుకోవాలి. గట్టిపడేది మెత్తబడిన ఎనామిల్. అరిగి ఊడిపోయినది తిరిగి రాదు. ఎనామిల్‌ను తయారుచేసిన కణాలు పన్ను బయటికి వచ్చేసరికే పోతాయి.

నోట్లో జరిగేది ఇది. ఎనామిల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. కాల్షియం, ఫాస్ఫేట్ కలిసిన ఆ స్ఫటికాన్ని హైడ్రాక్సీఅపటైట్ అంటారు. తీపో, పిండి పదార్థమో నోట్లో పడగానే పాచిలోని బ్యాక్టీరియా దాన్ని తిని ఆమ్లం వదులుతుంది. కొద్ది నిమిషాల్లోనే పంటి మీద పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే అంకె, ఇది తగ్గితే ఆమ్లం పెరిగినట్టు) పడిపోతుంది. అది సుమారు 5.5 కన్నా తగ్గితే స్ఫటికం కరగడం మొదలవుతుంది. మళ్లీ మామూలు స్థితికి రావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. తీసుకొచ్చేది లాలాజలం. అందులోని బైకార్బనేట్ ఆమ్లాన్ని విరిచేస్తుంది. అందులోనే ఉన్న కాల్షియం, ఫాస్ఫేట్ కరిగిన చోట తిరిగి పేరుకుంటాయి. అంటే మరమ్మతు చేసేది మన ఉమ్మే. గమ్ చేసే పని ఆ ఉమ్మిని ఎక్కువగా తెప్పించడం. పేస్టు చేసే పని, తిరిగి పేరుకునే స్ఫటికాన్ని పాతదానికన్నా గట్టిగా తయారుచేయడం. ఫ్లోరైడ్ చేరిన స్ఫటికం పీహెచ్ 4.5 దాకా తట్టుకుంటుంది. ఈ రెంటినీ సరైన వేళకు వాడటమే అసలు కిటుకు.

పేస్టు

దుకాణంలో పెట్టె ముందువైపు రాసింది కాకుండా వెనకవైపు రాసింది చదవండి. మన దేశంలో టూత్‌పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం (పది లక్షల పాళ్లలో వెయ్యి పాళ్లు) దాటకూడదు. ఎంత ఉందో ట్యూబు మీద, పెట్టె మీద రాయాలని కూడా నిబంధన ఉంది. పెద్దవాళ్లు 1000కి దగ్గరగా ఉన్నదే తీసుకోవాలి. పీపీఎం అంకె కంటపడకపోతే పదార్థాల జాబితా చూడండి: సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ 0.76 శాతం ఉన్నా, సోడియం ఫ్లోరైడ్ 0.22 శాతం ఉన్నా లెక్క సుమారు 1000 పీపీఎంకే వస్తుంది. లవంగం, వేప, ఉప్పు, బొగ్గు అని పెద్ద అక్షరాలతో రాసిన పేస్టులు చాలావాటిలో ఫ్లోరైడ్ అసలు ఉండదు. వాటితో పాచి పోతుంది, నోరు వాసన రాదు. కానీ తెల్లచార గట్టిపడటానికి కావాల్సింది వాటిలో లేదు. వేపపుల్ల, కానుగపుల్ల కూడా అంతే. నమిలినప్పుడు ఉమ్మి బాగా ఊరుతుంది, అది మంచిదే. పుల్లతో తోముకునే అలవాటు ఉన్నవాళ్లు దాన్ని మానక్కర్లేదు, రాత్రిపూట మాత్రం ఫ్లోరైడ్ పేస్టు వాడండి.

ఇంకో చిన్న విషయం చాలామందికి తెలియదు. చవక పేస్టుల్లో రాపిడికి వాడేది ఎక్కువగా కాల్షియం కార్బొనేట్, అంటే సుద్దపొడి. సోడియం ఫ్లోరైడ్‌ను దాంతో కలిపితే ట్యూబులోనే కాల్షియంతో కలిసిపోయి పనికిరాకుండా పోతుంది. అందుకే సుద్దపొడి పేస్టుల్లో మోనోఫ్లోరోఫాస్ఫేట్ వేస్తారు, సోడియం ఫ్లోరైడ్‌ను రాపిడికి సిలికా వాడే పేస్టుల్లో వేస్తారు. మోనోఫ్లోరోఫాస్ఫేట్ కూడా సుద్దతో నెలల తరబడి నిలవ ఉంటే కొంత బలం తగ్గుతుంది. వేడిలో ఇంకా త్వరగా తగ్గుతుంది. విశాఖ ఎండల్లో షెడ్డు కొట్టులో మూలన పడున్న పాత సరుకు, గడువు దగ్గరపడి సగం ధరకు ఇచ్చే ట్యూబు కొనకండి. గడువు తేదీ చూసి తీసుకోండి. ఇంట్లో స్నానాల గది కిటికీలో ఎండ తగిలేలా పెట్టకండి.

ఇక తోముకునే తీరు. పెద్దవాళ్లకు బ్రష్ మీద శనగగింజంత పేస్టు చాలు. టీవీలో చూపించినట్టు ఈ కొస నుంచి ఆ కొస దాకా వేయనక్కర్లేదు. బ్రష్‌ను ముందే నీళ్లలో ముంచకండి, పేస్టు పలచబడి నురగై ముందే కారిపోతుంది. మెత్తటి కుచ్చు బ్రష్ తీసుకుని, చిగురు అంచుకు ఏటవాలుగా పెట్టి, రెండు నిమిషాలు చిన్న చిన్న కదలికలతో తోమండి. అడ్డంగా గట్టిగా రుద్దితే చిగురు దగ్గర పన్ను ఒరుసుకుపోతుంది. మూడు నెలల్లోపే బ్రష్ కుచ్చు విచ్చుకుపోతోందంటే చేతి బలం ఎక్కువైనట్టు.

తోమాక నురగ ఉమ్మేయండి. మళ్లీ మళ్లీ ఉమ్మేయండి, కానీ నీళ్లు పోసుకుని పుక్కిలించకండి. ఈ వ్యాసంలో ఒక్క మాటే పాటిస్తామంటే ఇదే పాటించండి. రెండు మూడు చెంబుల నీళ్లతో గరగరలాడించి కడిగేసుకోవడం మన ఇళ్లలో పుట్టినప్పటి నుంచీ అలవాటు. ఆ నీళ్లతో ఫ్లోరైడ్ చాలావరకు సింకులోకి పోతుంది. పుక్కిలించకుండా వదిలేస్తే పంటి మీద, పాచిలో, చెంపల లోపలివైపు సన్నగా మిగిలి గంటల తరబడి పనిచేస్తుంది. మొదట్లో నాలుగైదు రోజులు నోరు జిగటగా అనిపిస్తుంది, తర్వాత అలవాటవుతుంది. అసలు ఓర్చుకోలేనివాళ్లు అరచేతిలో పట్టేటన్ని నీళ్లు ఒక్కసారి తిప్పి ఉమ్మేయండి.

రోజుకు రెండుసార్లలో రాత్రిది ముఖ్యం. నిద్రలో లాలాజలం దాదాపు ఆగిపోతుంది, ఆ ఆరేడు గంటలు పంటికి ఇంకో కాపలా ఉండదు. తోముకున్నాక మంచినీళ్లు తప్ప ఇంకేమీ తీసుకోకూడదు. పాలు తాగే అలవాటుంటే తోముకోవడానికి ముందే తాగండి. మౌత్‌వాష్ వాడేవాళ్లు పేస్టు తర్వాత వెంటనే వాడకండి. రోజూ వాడే ఫ్లోరైడ్ మౌత్‌వాష్‌లో సాధారణంగా ఉండేది సుమారు 225 పీపీఎం. అంటే 1000 ఉన్నదాన్ని 225 ఉన్నదాంతో కడిగేసుకున్నట్టే. మధ్యాహ్నం భోజనం తర్వాత వాడితే లాభం. చిగుళ్ల జబ్బుకు డాక్టరు రాసిచ్చే క్లోర్‌హెక్సిడిన్ అయితే పేస్టుకు కనీసం అరగంట దూరంగా వాడాలి, పేస్టులోని నురగ పదార్థం దాన్ని పనిచేయనివ్వదు.

పుల్లటిది తిన్నాక, తాగాక, వాంతి అయ్యాక వెంటనే బ్రష్ పట్టకండి. ఆమ్లంతో పైపొర మెత్తబడి ఉంటుంది, కుచ్చు దాన్ని గీకేస్తుంది. అరగంట ఆగండి. వేవిళ్లతో తరచూ వాంతులయ్యే గర్భిణులు, పుల్లటి తేన్పులు వచ్చేవాళ్లు గ్లాసుడు నీళ్లలో ఒక చెంచా వంటసోడా కలిపి పుక్కిలిస్తే ఆమ్లం అప్పటికప్పుడు విరుగుతుంది.

చూయింగ్ గమ్

నోరు ఊరికే ఉన్నప్పుడు నిమిషానికి 0.3 మిల్లీలీటర్లు, అంతకు కాస్త అటూ ఇటూగా లాలాజలం వస్తుంది. గమ్ నమలడం మొదలుపెట్టగానే అది ఎన్నో రెట్లు పెరుగుతుంది, రుచి తగ్గాక కూడా నములుతున్నంతసేపు మామూలుకన్నా ఎక్కువే ఉంటుంది. ఊరే కొద్దీ ఉమ్మిలో బైకార్బనేట్ మోతాదు కూడా పెరుగుతుంది, అంటే ఆమ్లాన్ని విరిచే శక్తి రెండు విధాలా పెరిగినట్టు. భోజనం అయిన వెంటనే 20 నిమిషాలు చక్కెర లేని గమ్ నమిలితే పంటి ఖనిజం నిలవడానికి తోడ్పడుతుందని యూరప్‌లో పెట్టె మీద రాసుకోవడానికి అనుమతి కూడా ఉంది. గంటన్నర తర్వాత నమిలితే ప్రయోజనం తక్కువ, అప్పటికే ఆమ్లం తన పని తాను చేసేసి ఉంటుంది. తిన్న అయిదు నిమిషాల్లోపు మొదలుపెట్టండి.

గమ్ కొనేటప్పుడు వెనక జాబితాలో చక్కెర, గ్లూకోజ్ సిరప్, డెక్స్‌ట్రోజ్ అనే మాటలు ఉండకూడదు. కిరాణా కొట్టులో డబ్బాల్లో పెట్టి అమ్మే బబుల్ గమ్‌లు చాలావరకు చక్కెరవే. అవి నమిలితే ఉమ్మి ఊరుతుంది, ఆ ఉమ్మితోపాటే బ్యాక్టీరియాకు తిండీ దొరుకుతుంది. చక్కెర లేనివాటిలో తీపికి సార్బిటాల్, జైలిటాల్, మాల్టిటాల్, మానిటాల్ వాడతారు. పేర్లకు బదులు అంకెలు వేస్తే 420 అంటే సార్బిటాల్, 967 జైలిటాల్, 965 మాల్టిటాల్, 421 మానిటాల్. అవి కనిపిస్తే సరే. 330 కనిపిస్తే అది సిట్రిక్ ఆమ్లం, 296 అయితే మాలిక్ ఆమ్లం. పండ్ల రుచి గమ్‌లలో ఇవి వేస్తారు. చక్కెర లేకపోయినా అవి పంటికి మంచివి కావు. పుదీనా రుచిదే తీసుకోండి.

జైలిటాల్ గురించి గొప్పగా చెబుతారు. పళ్లను పుచ్చిపోయేలా చేసే ముఖ్యమైన బ్యాక్టీరియా దాన్ని తినలేదు, ఆమ్లం చేయలేదు. అంతవరకు నిజం. కానీ ఆ బ్యాక్టీరియాను తగ్గించే స్థాయికి రోజుకు 5, 6 గ్రాములు, మూడు విడతలుగానైనా పడాలంటారు. జాబితాలో సార్బిటాల్ తర్వాత ఎక్కడో అయిదో స్థానంలో జైలిటాల్ ఉన్న గమ్‌తో అంత రాదు. జాబితాలో ముందు రాసేది ఎక్కువ ఉన్నదే కాబట్టి జైలిటాల్ మొదటి పేరుగా ఉంటే మంచిది. లేకపోయినా నిరాశ పడక్కర్లేదు, లాభంలో ఎక్కువ భాగం ఉమ్మి వల్లే వస్తుంది. ఈ చక్కెర ఆల్కహాల్స్ ఎక్కువైతే కడుపు ఉబ్బరం, విరేచనాలు అవుతాయి. పెట్టె మీద ఆ హెచ్చరిక అందుకే ఉంటుంది. రోజుకు మూడు, మహా అయితే నాలుగు చాలు. ఇంట్లో కుక్క ఉంటే జైలిటాల్ ఉన్న గమ్, పేస్టు దానికి అందకుండా పెట్టండి. కొంచెం తిన్నా కుక్కకు రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.

20 నిమిషాలు కాగానే ఉమ్మేయండి. గంటల తరబడి నమిలితే అదనంగా వచ్చేదేమీ లేదు, దవడ కండరాలకు నొప్పి తప్ప. రెండు వైపులా మార్చి నమలండి. చెవి ముందు దవడ కీలు టకటకమనేవాళ్లు, నోరు తెరిస్తే నొప్పి వచ్చేవాళ్లు, క్లిప్పులు ఉన్నవాళ్లు, కదిలే ఫిల్లింగ్ లేదా కట్టుడు పళ్లు ఉన్నవాళ్లు గమ్ జోలికి పోకండి. అయిదేళ్లలోపు పిల్లలకు అసలు ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. గమ్ పడనివాళ్లు తీపి పూత లేని వట్టి సోపు గింజలు నమలచ్చు. హోటల్లో బిల్లుతో పాటు ఇచ్చే రంగురంగుల సోపు మాత్రం చక్కెరే. వక్కపొడి, పాన్ మసాలా గమ్‌కు బదులు కానే కావు. వక్క క్యాన్సర్ కారకం. ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇంకా కనిపించే అడ్డపొగ అలవాటు కూడా అలాంటిదే. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుంటే అంగిలి కాలుతుంది, అక్కడే క్యాన్సర్ మొదలవుతుంది. ముందు అది మానాలి, ఎనామిల్ సంగతి ఆ తర్వాత.

ఎక్కువ ధర పేస్టులు, క్రీములు

కాల్షియం సోడియం ఫాస్ఫోసిలికేట్ అని రాసి ఉండేది ఒక రకం గాజుపొడి. ఉమ్మి తగిలాక కాల్షియం, ఫాస్ఫేట్ విడిచి పంటి మీద పొరగా ఏర్పడుతుంది. నీళ్లు తగిలితే పనిచేయడం మొదలయ్యే పదార్థం కాబట్టి ఈ పేస్టులను చాలావరకు నీళ్లు లేకుండా గ్లిజరిన్‌తో చేస్తారు. అందుకే తడి బ్రష్ పనికిరాదు, మూత తీసి ఉంచకూడదు. చల్లటి నీళ్లకు పళ్లు జివ్వుమనేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. కొన్ని రకాల్లో ఫ్లోరైడ్ ఉండదు, అది చూసుకోవాలి. పొటాషియం నైట్రేట్ 5 శాతం ఉన్న పేస్టులు కూడా జివ్వుమనడం తగ్గిస్తాయి, కానీ పంటి లోపలి నరాన్ని మొద్దుబార్చి. అవి ఎనామిల్‌ను బాగుచేయవు. జివ్వుమనడం తగ్గింది కదా అని పుచ్చును పట్టించుకోకుండా ఉండిపోయే ప్రమాదం అక్కడే ఉంది.

నానో హైడ్రాక్సీఅపటైట్ పేస్టులు జపాన్‌లో 1980లోనే వచ్చాయి. ఎనామిల్‌లో ఉన్న ఖనిజాన్నే అతి సూక్ష్మ రేణువులుగా ఇస్తాయి. ఫ్లోరైడ్ పడనివాళ్లకు, పేస్టు మింగేసే పిల్లలకు ఇది ఆలోచించదగ్గ దారి. ఇంకొకటి పాలలోని కేసీన్ అనే ప్రొటీన్ నుంచి తీసిన సీపీపీ-ఏసీపీ. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో తయారైంది. జపాన్ లాంటి చోట్ల దీన్ని గమ్‌లోనూ వేసి అమ్ముతారు, ఇక్కడ క్రీముగా డెంటల్ క్లినిక్కుల్లో దొరుకుతుంది. వాడే తీరు: రాత్రి ఫ్లోరైడ్ పేస్టుతో తోముకున్నాక బఠాణీ గింజంత వేలితో తీసి పళ్లకు పూసి, కనీసం 3 నిమిషాలు కదపకుండా వదిలేయాలి. తర్వాత నాలుకతో అంతటా పామి ఇంకో నిమిషం రెండు నిమిషాలు ఉంచి ఉమ్మేయాలి. అరగంట ఏమీ తినకూడదు. పాల ప్రొటీన్ పడనివాళ్లు దీన్ని ముట్టుకోకూడదు. పాలు అరగకపోవడం వేరు, ప్రొటీన్ ఎలర్జీ వేరు.

మా దృష్టిలో వరస ఇది: 1000 పీపీఎం ఫ్లోరైడ్ పేస్టు, పుక్కిలించకపోవడం, భోజనం తర్వాత గమ్. ఈ మూడూ రెండు నెలలు సరిగ్గా జరిగాకే ఖరీదైన క్రీము గురించి ఆలోచించండి.

తిండి వేళలు

ఎంత తీపి తిన్నారన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నారన్నది పంటికి ముఖ్యం. ఒక్కసారి కూర్చుని మాడుగుల హల్వా తిని ముగిస్తే ఒక్క ఆమ్లపు దాడే. స్టీల్‌ప్లాంటులో నైట్ షిఫ్టులో గంటగంటకూ చక్కెర టీ తాగితే రాత్రంతా పీహెచ్ లేవదు. షిఫ్టులో పనిచేసేవాళ్లు టీలో చక్కెర మానలేకపోతే రెండుసార్లకు కుదించి, తాగిన వెంటనే మంచినీళ్లు తాగి గమ్ వేసుకోవాలి. విశాఖ ఉక్కపోతకు చెమట పట్టి ఒంట్లో నీళ్లు తగ్గితే ఉమ్మి కూడా తగ్గుతుంది. పోర్టులో, రేవులో ఎండన పడి పనిచేసేవాళ్లకు నీళ్ల సీసానే మొదటి మందు.

ఆర్కే బీచ్‌లో సాయంత్రం ఉప్పుకారం చల్లిన మామిడి ముక్క, ముంత మసాలా మీద నిమ్మరసం, ఆపై నిమ్మ సోడా వరసగా పడితే అది బ్యాక్టీరియాతో పనిలేని నేరు ఆమ్లం. మానమని కాదు. సోడా చప్పరిస్తూ అరగంట తాగకుండా స్ట్రాతో త్వరగా ముగించండి, తర్వాత నీళ్లు పుక్కిలించండి, ఇంటికెళ్లగానే బ్రష్ పట్టకండి. పెరుగు కూడా పుల్లనే, కానీ దాన్నిండా కాల్షియం, ఫాస్ఫేట్ ఉండటంతో పంటిని కరిగించదు. పులుసు, చారు తర్వాత చివర పెరుగన్నంతో భోజనం ముగించే మన పద్ధతి పంటికి ఎంతో మేలు. దాని మీద అనకాపల్లి బెల్లం ముక్క వేసుకోకపోతే చాలు.

పిల్లలకు

మూడేళ్లలోపు బియ్యపు గింజంత, మూడు నుంచి ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత పేస్టు. వేసేది పెద్దవాళ్లే. 1000 పీపీఎం పేస్టు బఠాణీ గింజంతలో సుమారు పావు మిల్లీగ్రాము ఫ్లోరైడ్ ఉంటుంది. కాస్త మింగినా ఫర్వాలేదు. రోజూ ట్యూబు నోట్లో పిండుకుని తింటే చిగుళ్ల లోపల తయారవుతున్న శాశ్వత దంతాల మీద మచ్చలు వస్తాయి. ఇంట్లో తాగేది బోరు నీళ్లయితే ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటితే పిల్లలకు ఏ పేస్టు ఇవ్వాలో డాక్టరునే అడగాలి.

ఎప్పటికి తెలుస్తుంది

నెలలు పడుతుంది. నెలకోసారి అదే కిటికీ దగ్గర, అదే విధంగా ఆరబెట్టి ఫోనుతో ఫొటో తీసి పోల్చుకోండి. మచ్చ పూర్తిగా మాయం కాకపోవచ్చు. గరుకుగా, మెరుపు లేకుండా ఉన్నది నున్నగా, మెరిసేలా మారితే గట్టిపడినట్టే, కాస్త గోధుమ రంగుకు తిరిగినా భయం లేదు. ఆరు నెలలకూ అలాగే సుద్దలా ఉంటే పాచి సరిగా పోవడం లేదనో, తీపి వేళలు తగ్గలేదనో, ఉమ్మే తక్కువగా ఊరుతోందనో అనుకోవాలి. షుగరు జబ్బు, కొన్ని బీపీ మాత్రలు, మానసిక సమస్యలకు వాడే మందులు నోరు ఎండిపోయేలా చేస్తాయి. మందు మీ అంతట మీరు ఆపకుండా రాసిన డాక్టరుకు చెప్పండి.

నాలుక కొసకు గుంట తగిలినా, తీపి తగిలితే ఒక్క పన్నే లాగినా, రాత్రిళ్లు దానంతట అదే నొప్పి వచ్చినా ఇంటి వైద్యం ఆపి వెళ్లాలి. విశాఖలో కేజీహెచ్‌ (కింగ్ జార్జ్ ఆసుపత్రి)లో దంత విభాగం ఉంది, రుషికొండలో గీతం, సంగివలసలో అనిల్ నీరుకొండ దంత కళాశాలల్లో బోధనాసుపత్రులు ఉన్నాయి. గుంట పడని మచ్చలకైతే ఫ్లోరైడ్ వార్నిష్ వేయమని అడగండి. అందులో ఫ్లోరైడ్ 22,600 పీపీఎం ఉంటుంది, కూర్చోబెట్టి కొద్ది నిమిషాల్లో పూసేస్తారు. ఆ తర్వాత నాలుగు గంటలు గట్టివి, వేడివి తినకూడదు, ఆ రాత్రి బ్రష్ చేయకూడదు. మచ్చల తీరును బట్టి మూడు నుంచి ఆరు నెలలకోసారి మళ్లీ వేయించుకోవాలి.